నొప్పి లేని గడ్డ, తమ్ముడికి 24 ఏళ్లు: వృషణ కణితి గురించి తెలిసినవారు దయచేసి చెప్పండి

కావలి అన్న:

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేసే పని చేస్తాడు. కుడి వృషణం గట్టిపడిందని, కాస్త బరువుగా లాగుతున్నట్టు ఉందని మూడు నెలల కిందటే వాడికి తెలిసినా, సిగ్గుతో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. నొప్పి లేదు కాబట్టి దానంతట అదే తగ్గిపోతుందనుకున్నాడట. చివరికి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళితే, వేడి చేసిందని పది రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి, అవి అయిపోయినా వాపు తగ్గకపోయేసరికి వరిబీజం అయి ఉంటుందని చెప్పారు.

నిన్న నెల్లూరు పొగతోటలో స్కానింగ్ చేయించాము. కుడి వృషణం లోపల 3.2 సెంటీమీటర్ల ఘనమైన కణితి ఉందని, దానిలో రక్తప్రసరణ కూడా కనిపిస్తోందని రిపోర్టులో రాశారు. మేము చూపించుకున్న సర్జన్ గారు, ముందు మూడు రక్తపరీక్షలు చేయించుకు రమ్మని, ఆ తరువాత గజ్జ దగ్గర కోసి వృషణాన్ని మొత్తంగా తీసేయాలని చెప్పారు. ముక్క పరీక్ష కూడా చేయకుండా అవయవం తీసేస్తామనడం ఏమిటని మా అమ్మ ఏడుస్తోంది. మా మేనమామ గారు సూదితో కొంచెం నీరు లాగించి చూద్దామంటున్నారు. వాడికి పెళ్లి సంబంధం కూడా చూస్తున్నాము. సర్జన్ గారు చెప్పిన పద్ధతి సరైనదేనా?

గాజు పలక:

నేను 31 సంవత్సరాలు పాథాలజీలో పనిచేసి ఒంగోలులో స్థిరపడిన వాడిని. మీ సర్జన్ గారు చెప్పింది అక్షరాలా సరైనది. కారణం తెలిస్తే మీ అమ్మగారికి చెప్పగలుగుతారని కొంచెం వివరంగా రాస్తున్నాను.

వృషణాలు పిండ దశలో కింద పుట్టవు. అవి కడుపులో మూత్రపిండాల దగ్గర పుట్టి, శిశువు పెరుగుతున్నకొద్దీ గజ్జల దారి గుండా కిందికి దిగుతాయి, దిగేటప్పుడు తమ రక్తనాళాలనూ శోషరస (లింఫ్) నాళాలనూ వెంట తెచ్చుకుంటాయి. అందువల్ల వృషణంలో పుట్టిన కణితి పాకితే మొదట చేరేది నడుము ఎముక ముందు, మూత్రపిండాల మట్టాన ఉండే శోషరస గ్రంథులకు. వృషణం ఉండే తిత్తి చర్మం సంగతి వేరు, దాని శోషరసం గజ్జల్లోని గ్రంథులకు పోతుంది. తిత్తి గుండా సూది గుచ్చినా, కత్తి పెట్టినా కణితి కణాలకు తమది కాని కొత్త దారి తెరిచినట్టే అవుతుంది. అందుకే గజ్జలో కోసి, వృషణాన్ని మోసే రజ్జువును పైనే బిగించి, కణితిని చెదరనివ్వకుండా మొత్తంగా బయటికి తీస్తారు. ఆ తీసిన వృషణమే ముక్క పరీక్ష. దాన్ని పొరలు పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూసిన తరువాతనే రోగం పేరు తేలుతుంది.

మీ మేనమామ గారికి ఎంత గౌరవంగా చెప్పాలో అంత గౌరవంగా చెప్పండి, కానీ సూది మాత్రం పెట్టనివ్వకండి.

స్కానింగ్ గది:

డాక్టర్ గారు చెప్పినదానికి నా అనుభవం నుంచి ఒక్క సంగతి చేరుస్తాను. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు ఎక్కువగా ఉన్న రోజుల నుంచి, తిత్తి వాస్తే వరిబీజమని అనుకోవడం పెద్దలకు అలవాటైపోయింది. గదిలో దీపం ఆర్పి తిత్తి వెనుక టార్చి పెడితే, నీరు మాత్రమే ఉన్నప్పుడు అది ఎర్రగా వెలుగుతుంది, గడ్డ ఉన్నచోట చీకటిగానే ఉంటుంది. ఇది పాత పరీక్షే గానీ ఇప్పటికీ పనికివస్తుంది. అయితే కొందరిలో కణితి చుట్టూ కూడా నీరు చేరుతుంది. అప్పుడు పైనున్న నీరు వెలుగుతుంది, లోపలి గడ్డ చేతికి అందదు. కాబట్టి యువకుడికి కొత్తగా నీరు చేరితే అల్ట్రాసౌండ్ చేయకుండా వరిబీజం ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు. ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇచ్చిన మందుకు రెండు వారాల్లో వాపు పూర్తిగా పోకపోయినా మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

మార్కాపురం మాస్టారు:

డాక్టర్ గారూ, నాకు ఒక సందేహం ఉంది. రొమ్ములో గడ్డ వచ్చినా, థైరాయిడ్‌లో గడ్డ వచ్చినా సూదితో పరీక్షించిన తరువాతనే ఆపరేషన్ అంటారు. ఇక్కడ మాత్రం ముందే తీసేయమంటున్నారు. ఒకవేళ తీసిన తరువాత అది క్యాన్సర్ కాదని తేలితే, 24 ఏళ్ల పిల్లవాడికి జరిగిన నష్టం ఎవరు తీరుస్తారు? మా బంధువుల్లో ఒకరికి వృషణంలో క్షయ వచ్చి మందులతోనే నయమైంది. మన ప్రాంతంలో క్షయ ఎక్కువ కదా అని అడుగుతున్నాను.

గాజు పలక:

మాస్టారూ, ఇది అడగవలసిన ప్రశ్నే. క్షయ సాధారణంగా వృషణం వెనుక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌లో మొదలవుతుంది, అందుకే గడ్డ వృషణం లోపల ఉందా, వెనుక ఉందా అన్నది స్కానింగ్‌లో మొదట చూస్తారు. వృషణం లోపలే పుట్టి, రక్తప్రసరణ ఉన్న ఘనమైన గడ్డ కనబడితే, అది యువకుల్లో క్యాన్సర్ అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. గడ్డ బాగా చిన్నదై, మార్కర్లు (సర్జన్ గారు చెప్పిన మూడు రక్తపరీక్షల్లో చూసే, కణితి వల్ల పెరిగే పదార్థాలు) మామూలుగా ఉండి, సందేహం మిగిలినప్పుడు గజ్జ దారిలోనే వృషణాన్ని బయటికి తీసి, గడ్డను మాత్రం కోసి, ఆపరేషన్ జరుగుతుండగానే పరీక్షించే పద్ధతి కొన్ని పెద్ద కేంద్రాల్లో ఉంది. ఒకే వృషణం ఉన్నవారికీ ఆ ఆలోచన చేస్తారు. 3.2 సెంటీమీటర్ల గడ్డకు అది వర్తించదు.

రెండవ వృషణం ఆరోగ్యంగా ఉంటే మగతనానికీ, పిల్లలు పుట్టడానికీ సాధారణంగా అది ఒక్కటే చాలు. ఈ మాట మీ అమ్మగారికి తప్పక చెప్పండి.

పెన్నా తీరం:

అన్నా, మీ తమ్ముడి స్థానంలో 2016లో నేను ఉన్నాను. అప్పుడు నాకు 27 ఏళ్లు. నా విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో చెబితే మీకు ఉపయోగపడుతుంది. ఒక ఆసుపత్రిలో నాకు స్కానింగ్ లేకుండానే వరిబీజం అని తిత్తి గుండా కోశారు. లోపల గడ్డ కనబడగానే అదే కోత నుంచి వృషణం తీసి, నాకు డబ్బా చేతికిచ్చి ల్యాబులో ఇచ్చిరమ్మన్నారు. ఆపరేషన్‌కు ముందు మార్కర్ల రక్తపరీక్ష ఏదీ చేయలేదు. ఆ తరువాత నన్ను చూసిన ప్రతి డాక్టరూ మొదట అడిగింది ఆ సంఖ్యలే. అవి లేవు, ఇక ఎప్పటికీ రావు.

నాలుగు నెలలకు నడుము నొప్పి మొదలైంది. బస్తాలు ఎత్తడం వల్లనేమో అనుకున్నాను. సీటీలో కడుపు వెనుక గ్రంథులు వాచాయని తేలి, చెన్నైకి వెళ్లాను. మూడు సైకిళ్ల కీమో తీసుకున్నాను. అది పూర్తయ్యాక 2 సెంటీమీటర్ల గడ్డ మిగిలితే పొట్ట కోసి ఆ గ్రంథులను తీశారు. అందులో టెరటోమా అనే రకం కణితి ఉందన్నారు. టెరటోమా కీమోకు కరగదని, వదిలేస్తే పెరగవచ్చని, అందుకే కోసి తీయక తప్పలేదని వివరించారు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌ రైల్లో అమ్మా నేనూ అలా ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు. ఇప్పుడు నాకు పెళ్లయి ఒక పాప ఉంది. కీమోకు ముందే వీర్యం భద్రపరిచినందువల్ల ఆ పాప పుట్టింది.

వాడికి రక్తపరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించండి, ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి దాచండి.

కావలి అన్న:

రాత్రి ఈ సమాధానాలన్నీ అమ్మకు చదివి వినిపించాను. మేనమామ గారు కూడా విన్నారు, సూది మాట మళ్లీ ఎత్తలేదు. పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆల్ఫా ఫీటోప్రోటీన్ 640, బీటా హెచ్‌సీజీ 38, ఎల్‌డీహెచ్ కొంచెం ఎక్కువ. ఆపరేషన్ శుక్రవారం. ఈ అంకెలు చూసి భయపడాలా?

గాజు పలక:

భయం కన్నా ఆ అంకెలు చెప్పే కబురు ముఖ్యం. ఆల్ఫా ఫీటోప్రోటీన్ గర్భంలోని శిశువు తయారుచేసుకునే పదార్థం, పెద్దవారిలో ఇంత ఉండదు. బీటా హెచ్‌సీజీ స్త్రీల గర్భ పరీక్షలో చూసే హార్మోనే. బీజకణాల నుంచి పుట్టే ఈ కణితులు పిండ దశ స్వభావాన్ని మళ్లీ చూపుతాయి కాబట్టి ఈ రెండూ రక్తంలోకి వస్తాయి. ఈ కణితుల్లో సెమినోమా ఒక రకం, మిగతా రకాలన్నిటినీ కలిపి నాన్‌సెమినోమా అంటాము. శుద్ధ సెమినోమా ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను తయారుచేయదు. కాబట్టి 640 ఉన్నప్పుడు పాథాలజీలో సెమినోమా అని మాత్రమే వచ్చినా, వైద్యం నాన్‌సెమినోమాకు చేసినట్టే చేయాలి.

ఆపరేషన్ తరువాత ఈ అంకెలు దిగే వేగం ఇంకా ముఖ్యం. రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ సగానికి తగ్గడానికి 5 నుంచి 7 రోజులు పడుతుంది, బీటా హెచ్‌సీజీకి ఒకటి, ఒకటిన్నర రోజులు చాలు. 640 అన్నది వారానికి 320, రెండు వారాలకు 160, మూడు వారాలకు 80, ఈ లెక్కన ఆరు వారాలకు 10 దగ్గరికి రావాలి. సీటీ శుభ్రంగా ఉన్నా ఈ అంకె మధ్యలో నిలిచిపోయినా, తిరిగి పెరిగినా, కంటికి కనబడని చోట కణితి మిగిలి ఉందని అర్థం, అప్పుడు కీమో అవసరమవుతుంది. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి.

కీమో వార్డు సిస్టర్:

మాది ఆత్మకూరు, 12 సంవత్సరాలుగా చెన్నైలో క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. కీమో అవసరం పడుతుందో లేదో ఇప్పుడే తెలియదు. అయినా వీర్యం భద్రపరచడం గురించి ఆపరేషన్‌కు ముందే సర్జన్ గారిని అడగండి. ఈ రోగం ఉన్న కొందరికి మొదటి నుంచే వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉంటుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఐవీఎఫ్ కేంద్రాలు ఉన్నాయి, ద్రవ నత్రజనిలో దాచే సౌకర్యం ఉందేమో ఫోను చేసి కనుక్కుని వెళ్లండి. ఈ మాట మగపిల్లలు తమంతట తాము అడగరు, మేమే వార్డులో గది తలుపు వేసి అడగవలసి వస్తుంది.

కీమో వస్తే ఏమిటన్నది కూడా చెబుతాను. బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ అనే మూడు మందులను కలిపి బీఈపీ అంటాము. 21 రోజులకు ఒక సైకిల్. మొదటి 5 రోజులు సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ ఎక్కుతాయి, బ్లియోమైసిన్ వారానికొకటి. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీయకుండా ముందూ వెనుకా సెలైన్ సీసాలు ఎక్కిస్తూ, మూత్రం కొలుస్తూ ఉంటాము. చెవుల్లో గీ మని శబ్దం, వేళ్ల చివర తిమ్మిరి రావచ్చు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకు ఇబ్బంది చేస్తుంది కనుక బీడీ, సిగరెట్ ఉంటే ఈరోజే మానిపించండి. తరువాత ఎప్పుడు ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకు ఈ మందు తీసుకున్నట్టు చెప్పాలి. ఒక అబ్బాయి వీపు మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు చూసి వాళ్ల నాన్న హడలిపోయారు. గోకిన చోటల్లా అలా చారలు తేలడం ఆ మందు స్వభావమే, ప్రమాదం కాదు.

మార్కాపురం మాస్టారు:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తుంటే నేను కూడా కొంత చదివాను. సిస్‌ప్లాటిన్ చరిత్ర నన్ను కదిలించింది. 1845లో ఇటలీ రసాయన శాస్త్రవేత్త మికేలే పైరోనే దీన్ని తయారుచేశాడు. నూట ఇరవై ఏళ్లు అది దేనికి పనికివస్తుందో ఎవరికీ తెలియలేదు. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్ క్షేత్రం బాక్టీరియా మీద చూపే ప్రభావాన్ని పరిశీలిస్తుండగా, కణాలు విడిపోకుండా దారాల్లా పొడవుగా పెరిగాయట. కారణం విద్యుత్తు కాదు, ప్లాటినం కడ్డీల నుంచి ద్రవంలో కరిగిన సమ్మేళనం అని తేలింది. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ దాన్ని మరి రెండు మందులతో కలిపి, పాకిపోయిన వృషణ క్యాన్సర్ రోగులకు ఇస్తే, నలుగురిలో ముగ్గురికి దగ్గరగా గడ్డలు పూర్తిగా మాయమయ్యాయి. అంతకు ముందు ఆ స్థితిలో బతికి బట్టకట్టేవారు పదిమందిలో ఒకరు కూడా కష్టమే. 1978లో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతి ఇచ్చింది. ఊపిరితిత్తుల మధ్య ఇదే జాతి కణితి వచ్చిన యువరాజ్ సింగ్ 2012లో అమెరికాలో వైద్యం చేయించుకుని మళ్లీ మైదానంలోకి దిగాడు. నేను మొదట రాసిన అనుమానాన్ని వెనక్కు తీసుకుంటున్నాను, కావలి అన్న గారూ.

చీమకుర్తి అమ్మ:

నాకు ఒక్క విషయం తెలుసుకోవాలని ఉంది. మా అబ్బాయికి 9 నెలలు. ఎడమ బీజం కిందికి దిగలేదు. మా అత్తగారు పెద్దయ్యాక అదే దిగుతుందంటున్నారు. అలాంటి పిల్లలకు ఈ రోగం వస్తుందని ఎక్కడో విన్నాను.

గాజు పలక:

అమ్మా, వస్తుందని కాదు, వచ్చే అవకాశం మిగతావారి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ రోగమే అరుదు. నార్వే, డెన్మార్క్‌ల్లో సంవత్సరానికి లక్ష మంది మగవారిలో పదిమందికి వస్తే, మన దేశంలో లక్షకు ఒకరికి కూడా రాదు. కాబట్టి మీ బాబు గురించి నిద్ర మానుకోకండి. అయితే ఆరు నెలలు దాటాక అది దానంతట దిగడం అరుదు. సంవత్సరం నుంచి సంవత్సరంన్నర లోపు ఆపరేషన్ చేసి దింపి కుట్టడం మేలు. పుట్టబోయే సంతానానికీ మంచిది, తరువాత చేత్తో తాకి చూడటానికీ వీలుంటుంది. ఈ నెలలోనే పిల్లల సర్జన్‌కు చూపించండి.

కావలి అన్న:

ఆపరేషన్ జరిగి ఏడు వారాలైంది. అందరికీ ఫలితం చెప్పడం నా బాధ్యత. పాథాలజీలో మిశ్రమ బీజకణ కణితి అని వచ్చింది. ఎంబ్రియోనల్ కార్సినోమా, యోక్ శాక్ ట్యూమర్, కొంత టెరటోమా అనే రకాలు కలిసి ఉన్నాయి. కణితి వృషణం దాటలేదు, రక్తనాళాల్లోకీ శోషరస నాళాల్లోకీ చొచ్చుకుపోలేదు. ఛాతీ, పొట్ట సీటీ శుభ్రంగా ఉంది. ఆల్ఫా ఫీటోప్రోటీన్ మూడు వారాలకు 62, ఆరు వారాలకు 6. బీటా హెచ్‌సీజీ సున్నాకు వచ్చేసింది. పెన్నా తీరం అన్న చెప్పినట్టు కాగితాలన్నీ లామినేషన్ చేయించాను.

ఇప్పుడు డాక్టర్ గారు రెండు దారులు చెప్పారు. ఏ మందూ లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం ఒకటి, ముందు జాగ్రత్తగా ఒక సైకిల్ బీఈపీ ఇవ్వడం రెండోది. ఎంచుకోమంటే మాకు దిక్కు తోచడం లేదు.

పెన్నా తీరం:

ఒక సైకిల్ వేయించెయ్యండి అన్నా. నేను మూడు సైకిళ్లు, పొట్ట ఆపరేషన్ పడ్డాను. ఒక్క సైకిల్‌తో అది తప్పుతుందంటే నేను క్షణం ఆలోచించేవాడిని కాదు. మీ తమ్ముడు చెరువుల మీద తిరిగే మనిషి, ఈరోజు కావలిలో ఉంటే రేపు భీమవరంలో ఉంటాడు. రెండేళ్లు క్రమం తప్పకుండా పరీక్షలకు వస్తాడని నమ్మకమేనా?

గాజు పలక:

నాళాల్లోకి చొచ్చుకుపోలేదని వచ్చినవారిలో నూటికి సుమారు 15 మందికే తిరిగి వస్తుంది. చొచ్చుకుపోయి ఉంటే దాదాపు సగం మందికి వచ్చేది, అప్పుడు నేనే ఒక సైకిల్ వైపు మొగ్గేవాడిని. ఇప్పుడు అందరికీ మందు ఇస్తే నూటికి 85 మందికి అనవసరంగా ఇచ్చినట్టు. తిరిగి వచ్చినా సకాలంలో పట్టుకుంటే మూడు సైకిళ్లతో దాదాపు అందరికీ నయమవుతుంది, కాబట్టి ప్రాణం విషయంలో రెండు దారుల మధ్య తేడా లేదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పెన్నా తీరం గారు అడిగిన ప్రశ్నకు జవాబు మీ తమ్ముడి నోటి నుంచే రావాలి. నిర్ణయానికి ముందు కణితి ముక్కలు ఉన్న గాజు పలకలూ (స్లైడ్లు) మైనపు దిమ్మెలూ తీసుకెళ్లి చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనో ఇంకొకసారి చూపించండి. నాళాల్లోకి వెళ్లిందా లేదా అన్నది ఇద్దరు పాథాలజిస్టులు చూడదగిన విషయం. ఇది నా తోటివారిని తక్కువ చేసి అంటున్నది కాదు, నా స్లైడ్లు కూడా నేను అలాగే పంపేవాడిని.

స్కానింగ్ గది:

కనిపెట్టుకుని ఉండటం అంటే మొదటి సంవత్సరం రెండు నెలలకోసారి మార్కర్లు, కొన్ని నెలలకోసారి సీటీ అని లెక్క. ఎక్కువగా తిరిగి వచ్చేది మొదటి రెండేళ్లలోనే. రేడియేషన్ తగ్గించాలని సీటీ బదులు ఎంఆర్‌ఐ వాడే పరిశోధన బ్రిటన్‌లో జరిగింది, 2022లో ప్రచురించిన ఆ ఫలితాల్లో తొలి దశ సెమినోమాకు ఎంఆర్‌ఐ సీటీకి తీసిపోలేదు.

గాజు పలక:

ఇంకొక పరిశోధన గురించి కూడా చెప్పాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 371 అనే చిన్న అణువును రక్తంలో కొలిస్తే, పాత మూడు మార్కర్ల కంటే చాలా ఎక్కువ మందిలో ఈ కణితిని పట్టుకోగలుగుతుంది. 2019లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన పెద్ద అధ్యయనంలో పదిమంది రోగుల్లో తొమ్మిదిమందిలో అది పెరిగి కనిపించింది. అయితే టెరటోమాను మాత్రం అది పట్టుకోలేకపోతుంది, మీ తమ్ముడి కణితిలో కొంత టెరటోమా ఉంది కనుక సీటీ అవసరం తీరిపోదు. మన ఊళ్లలో ఈ పరీక్ష ఇంకా మామూలు వాడుకలోకి రాలేదు.

మరొక మాట, కావలి అన్న గారూ. ఈ రోగం సొంత అన్నదమ్ములకు వచ్చే అవకాశం మిగతావారి కంటే 8 నుంచి 10 రెట్లు ఎక్కువ. మీరు పరీక్ష చేయించుకున్నారా?

కీమో వార్డు సిస్టర్:

వేడినీళ్ల స్నానం తరువాత తిత్తి వదులుగా ఉన్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక్కొక్కటిగా నెమ్మదిగా దొర్లించి చూసుకోవాలి. వెనుకవైపు మెత్తగా తాడులా తగిలేది ఎపిడిడిమిస్, దాన్ని చూసి భయపడకూడదు. వృషణం మీద బఠాణీ గింజంత గట్టిదనం తగిలినా చూపించుకోవాలి. మీ తమ్ముడు కూడా మిగిలిన వృషణాన్ని నెలకోసారి ఇలా చూసుకోవాలి.

కావలి అన్న:

స్లైడ్లు చెన్నైలో చూపించాము. నాళాల్లోకి వెళ్లలేదని అక్కడా అన్నారు. తమ్ముడు కనిపెట్టుకుని ఉండే దారే ఎంచుకున్నాడు. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్‌లో రెండు నెలలకొక తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో తానే గుండ్రంగా గీసి వంటింటి తలుపుకు తగిలించాడు, చెరువు యజమానికి కూడా ఆ తేదీలు ముందే చెప్పాడు. రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ ఖర్చు వచ్చింది, పై పరీక్షలకు మాత్రం మా చేతి నుంచే పెట్టుకున్నాము.

చూడవచ్చిన సంబంధం వారికి విషయం దాచకుండా చెప్పాము. అమ్మాయి తండ్రి రిపోర్టులు అడిగి తీసుకుని, వారికి తెలిసిన డాక్టరుకు చూపిస్తామన్నారు. ఇంకా కబురు రాలేదు.

నిన్న పొగతోటలో అదే కేంద్రంలో నేనూ స్కాన్ చేయించుకున్నాను. రెండు వృషణాలూ మామూలుగానే ఉన్నాయని రాశారు. మొదటి తేదీ వచ్చే నెల 14. ఆ రోజు మార్కర్లు రాగానే ఇక్కడ రాస్తాను.